ముందే పెట్టిన చుక్క

కారు ముందు సీటు పక్కన, బెల్టు నాలుక వచ్చి దూరి కూర్చునే బకిలు ఒకటి ఉంటుంది. ఎర్ర మీట నొక్కితే ఊడుతుంది. ఆ బకిలు సీటు ఇనుప చట్రానికి ఒకే ఒక్క బోల్టుతో పట్టుకొని ఉంటుందని కారెక్కే వాళ్ళలో ఎందరికి తెలుసు? సెలీనాకు తెలుసు. మూడేళ్ళుగా ఎడమ సీటు బోల్టు బిగించేది ఆమే.

బోల్టును ముందు వేలితో నాలుగు చుట్లు తిప్పి పట్టించాలి. తర్వాత టార్క్ రెంచి తగిలించి గట్టిగా లాగాలి. చాలినంత బిగువు రాగానే రెంచి 'టక్' మంటుంది. అప్పుడు రెంచి వదిలి, పెయింట్ పెన్ తీసుకొని, బోల్టు తల మీద నుంచి చట్రం మీదికి ఒక గీత గీయాలి. ఆ గీత ఉంటే బిగించినట్టు, లేకుంటే లేనట్టు. లైనులో ఒక్కొక్క చోటికి ఒక్కొక్క రంగు. సెలీనాది ఆకుపచ్చ.

చెన్నై దగ్గర ఒరగడం అనే ఊరి పక్కనున్న ఆ సీట్ల కంపెనీలో నాలుగు వందల మంది ఆడవాళ్ళు పని చేస్తారు. ఈడ కుట్టిన సీటు రెండు గంటల్లో లారీలో కారు కంపెనీకి పోయి కారులో కూర్చుంటుంది. కాబట్టి ఆడ కార్లు ఎంత వడిగా వస్తే ఈడ సీట్లు అంత వడిగా రావాలి. సెలీనా చేరినప్పుడు అరవై ఎనిమిది సెకండ్లకు ఒక సీటు. తర్వాత చిన్న కారు వచ్చింది.

ఆ కారు వచ్చిన రోజు ఫ్యాక్టరీ మేనేజరు మణిమారన్ అందరినీ షెడ్డు ముందు నిలబెట్టి తమిళంలో మాట్లాడాడు. "స్కూటరు మీద మొగుడు, పెళ్ళాం, మధ్యలో ఒక బిడ్డ, ముందర ఒక బిడ్డ. వానలో తడుస్తూ పోతుంటారు, చూస్తున్నాం కదా. వాళ్ళు కొనుక్కునే కారు ఇది. అది ఎట్లా చవకైంది? ఎవరూ దానం చేయలేదు. ఒక సెకండు తగ్గితే ఒక రూపాయి తగ్గుతుంది. మీ చేతులే ఆ కారును చవక చేస్తున్నాయి, తల్లీ!" ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. సెలీనా కూడా కొట్టింది. ఆమెకు నిజంగానే గుండె పొంగింది.

అరవై ఎనిమిది అరవై అయింది. అరవై యాభై ఐదయింది. జూన్ నెలలో గోడ మీది బోర్డులో యాభై ఒకటి వెలిగింది.

యాభై ఒక్క సెకండ్లలో సీటు తిప్పి, బకిలు పెట్టి, బోల్టు పట్టించి, బిగించి, రెంచి దించి, పెన్ను మూత తీసి గీత గీసేసరికి తర్వాతి సీటు మీదికి వచ్చేస్తుండేది. మొదటి వారంలో ఆమె వల్ల లైను పదకొండు సార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఎర్ర దీపం తిరుగుతుంది, పాట మోగుతుంది, అందరూ తలలు తిప్పి చూస్తారు. లైను లీడరు కలైసెల్వి వచ్చి వీపు వెనక నిలబడి, "ఏం సెలీనా, సీటుకు జోల పాడుతున్నావా?" అనేది.

సెలీనా చిన్నప్పుడు చెన్నై చూలై పేటలో వాళ్ళమ్మ స్టిక్కరు బొట్లు అట్టల మీద అంటించే పని ఇంటికి తెచ్చుకునేది. బొట్లను ఒకటొకటిగా కాకుండా వరసగా పేర్చి ఒక్క ఊపులో అంటించేది. అది గుర్తొచ్చింది ఆమెకు. మరుసటి రోజు టీ విరామంలో ఒక థర్మోకోల్ పలక తీసుకొని, బోల్టులను తల పైకి ఉండేట్టు వరసగా గుచ్చి, పెన్నుతో అన్నిటికీ చకచకా ఆకుపచ్చ చుక్కలు పెట్టేసింది. ఇంక లైను మీద పెన్ను పట్టే పని లేదు. మూడు సెకండ్లు మిగిలాయి. చెకింగు వాళ్ళు ఆకుపచ్చ కనబడిందా లేదా అనే చూస్తారు. అది గీతా చుక్కా అని వాళ్ళకు మాత్రం తీరికెక్కడిది?

వారం తిరిగేసరికి పక్క లైను వాళ్ళు వచ్చి నేర్చుకున్నారు. నెల తిరిగేసరికి రెండు షిఫ్టుల్లోనూ అదే పద్ధతి. టీ తాగేటప్పుడు ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో పెన్ను. కలైసెల్వి చూసింది. మణిమారన్ కూడా చూశాడు. చూసి, "ఎవరిదీ ఐడియా?" అని అడిగి, ఆ నెల సెలీనా ఫోటో నోటీసు బోర్డులో పెట్టించాడు. చేతికి ఒక హాట్ బాక్స్ బహుమతి ఇచ్చాడు. బహుమతి కాగితంలో మాత్రం 'చేతి వేగం పెంచినందుకు' అని రాశారట.

బోల్టుకు ముందే చుక్క పెట్టేస్తే ఇంక ఆ చుక్కకు అర్థమేముందని ఎవరూ అడగలేదు. లైనులో ఏది బిగించామో, ఏది లేదో మనిషికి గుర్తుండదు. అన్నీ ఒకే రకం సీట్లు, ఒకే రకం బోల్టులు. ఎవరో పిలిచారనో, తుమ్ము వచ్చిందనో ఒక్క క్షణం తల తిప్పితే, చేతిలో ఉన్నది బిగించిన సీటా, బిగించాల్సిన సీటా అన్నది బోల్టును చూసే తెలుసుకోవాలి. చూస్తే ఆకుపచ్చ ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది. సరే అయిపోయిందిలే అని సీటును ముందుకు తోసేయడమే.

ఆగస్టులో సెలీనా ఉంటున్న ఇంటి పక్క వాటా మునిరత్నం ఆ చిన్న కారు కొన్నాడు. ముప్పై ఏళ్ళు షావుకారుపేట సేట్ల కార్లు తోలిన మనిషి. సొంతానికి సైకిలు తప్ప ఎరగడు. కారు వచ్చిన రోజు భార్య పంకజం ముందు సీట్లో కూర్చొని కిందికి దిగనే లేదు. "ఇది మా సెలీనా బిగించిన సీటు" అని వచ్చినోళ్ళకీ పోయినోళ్ళకీ చెప్పింది. సెలీనా కూతురు జెబను ఒళ్ళో పెట్టుకొని మెరీనా దాకా తిప్పుకొని వచ్చింది కూడా.

*

అక్టోబరులో, వానలు పట్టుకున్నాక, ఒక శనివారం మణిమారన్ సెలీనాను గదిలోకి పిలిచాడు. కలైసెల్వి ముందే అక్కడ నిలబడి ఉంది. బల్ల మీద చిన్న ప్లాస్టిక్ సంచిలో ఒక బోల్టు ఉంది. తల మీద ఆకుపచ్చ చుక్క.

"తిండివనం దగ్గర మన కారు ఒకటి లారీ వెనక తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, డ్రైవింగ్ చేస్తున్న ఆయనకు గీర కూడా పడలేదు. పక్కన కూర్చున్న ఆవిడ బెల్టు పెట్టుకునే ఉంది. బెల్టు, బకిలు అన్నీ కలిపి ఊడి వచ్చేశాయి. తల అద్దానికి కొట్టుకుంది. ఇంకా తెలివి రాలేదు" అన్నాడు మణిమారన్. సంచిని వేలితో ఆమె వైపు తోశాడు. "సీటు లేబులు మీద ఆగస్టు పంతొమ్మిది, ఉదయం షిఫ్టు అని ఉంది. రంగు నీది."

సెలీనా సంచిని ముట్టుకోలేదు. "ఆమెకు బిడ్డలున్నారా సార్?" అని అడిగింది.

"అది నాకు తెలీదు. ఇది విను." ఆయన గొంతు తగ్గించాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం నయంగా ఉండేది. "ఒక రోజు, ఒక మనిషి ధ్యాస తప్పి, ఒక బోల్టు వదిలేసిందనుకో. మనిషన్నాక తప్పు జరుగుతుంది. కారు కంపెనీ వాళ్ళు ఒక కాగితం తీసుకొని ఫైలు మూసేస్తారు. అట్లా కాదు, ఇది ఇంకేదో అని తేలిందనుకో, జూన్ నుంచి పోయిన కార్లన్నీ వెనక్కి పిలుస్తారు. మన ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది. గేటుకు తాళం పడుతుంది. నాలుగు వందల మంది, సెలీనా. నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది సార్."

"నిన్ను తీసేయను. ప్యాకింగుకు మారుస్తాను. సోమవారం నీ చేత్తో ఒక కాగితం రాసియ్యి. ఆ రోజు నీ బిడ్డకు ఒంట్లో బాగాలేదు, మనసు మనసులో లేక బోల్టు బిగించడం మరిచిపోయాను అని. అంతే. హాట్ బాక్స్ సంగతి ఎవరూ ఎత్తరు."

తిరుగు బస్సులో కలైసెల్వి వచ్చి పక్కన కూర్చుంది. పూందమల్లి దాటాక కిటికీలోకి చూస్తూ, "నేర్పింది నువ్వేనమ్మా" అంది తమిళంలో. "నేను నేర్పమన్నానా? నువ్వు నోరు తెరిస్తే ముందు పోయేది నేను. నాకూ ఇద్దరున్నారు."

"ఇంకా ఎన్ని పోయినాయో అక్కా, అట్లా..."

"ఎన్ని పోతే? లెక్క పెట్టకు. లెక్క పెట్టినవాళ్ళు ఎవరూ నిద్రపోలేదు."

*

ఇంటికి వచ్చి సెలీనా మొదట చూసింది గోడ మీది క్యాలెండరు. జెబకు నాలుగేళ్ళు. పుట్టిన ఏడాది నుంచే ఆయాసం. ఆయాసం వచ్చిన ప్రతి రోజునూ సెలీనా క్యాలెండరులో పెన్సిలుతో సున్న చుట్టి పెట్టుకుంటుంది. డాక్టరు అడిగితే చెప్పడానికని మొదలుపెట్టింది, ఇప్పుడు అదొక భయం లాగా అలవాటైపోయింది. వెనక కాగితాలు తిప్పి ఆగస్టు చూసింది. పంతొమ్మిది ఖాళీగా ఉంది. ఆ వారమంతా ఖాళీయే. బిడ్డ లక్షణంగా ఉంది ఆ రోజు.

మొగుడు ఆంటో, జార్జి టౌను బజారులో మూడు చక్రాల బండి మీద బేళ్ళు మోస్తాడు. అన్నం తింటూ అంతా విన్నాడు. "రాసిచ్చేయ్ మే. ఇంకేముండాది ఆలోచించేదానికి? తీసేస్తామనకుండా ప్యాకింగ్ ఇస్తామంటా ఉండాడు, ఆ మణిమారన్‌కు దండం పెట్టుకో."

"అట్టాంటివి ఇంకా ఉంటే?"

"ఉంటే ఉంటాయి. నువ్వేమన్నా దేవుడివా? ఈఎస్ఐ కార్డు నీ పేరు మీద ఉండాది. బండి తోసేవోడికి కార్డు యాడిస్తారు? ఆ కార్డు పోతే దీని మందులకు నన్నేం చేయమంటావు, చెప్పు" అని పడుకున్న జెబ వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

ఆదివారం చర్చి నుంచి వస్తూనే సెలీనా పక్క వాటా గుమ్మంలో నిలబడింది. "మామా, కారు ఒక్క నిమిషం అమ్మాసి షెడ్డు కాడికి తెస్తావా? ఒక బోల్టు చూడాల."

మునిరత్నం పేపరు దించి నవ్వాడు. "బోల్టా? సేటు కార్లు ముప్పై ఏండ్లు తోలినా, ఒక్కనాడు నా బండికి జబ్బు చేయలేదు. రెండు నెలల పిల్లకు డాక్టరు ఎందుకు మే?"

"ఊరికేలే మామా. కంపెనీలో చెప్పినారు, చూసుకోమని."

రెండు వీధుల అవతల, రేకుల కింద మెకానిక్కు అమ్మాసి షెడ్డు. ముసలాడు సగం కళ్ళజోడు పెట్టుకొని ముందు సీటును వెనక్కి జరిపి, పక్కనున్న ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. పంకజం కూడా వెంటే వచ్చింది. "అమ్మాసీ, అది నా సీటు. గుడ్డ చిరిగిందనుకో, నీ తోలు వొలిచి అతుకేయిస్తా."

"నా తోలు యాడ చాలుతుంది తల్లీ, నీ సీటుకు? రెండు గేదెలు కావాల."

"చూసినావా సెలీనా, వాడి నోరు!"

సెలీనాకు నవ్వు రాలేదు. ఆమె వంగి చూస్తోంది. చీకటిలో బోల్టు తల, దాని మీద ఆకుపచ్చ చుక్క. తను పెట్టిందే. కంచం అంచున పచ్చడి పెట్టినంత ముద్దుగా, గుండ్రంగా ఉంది. అమ్మాసి మామూలు స్పానరు తగిలించి, రెండు వేళ్ళతో అట్లా నొక్కాడు.

తిరిగింది.

ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ తిరిగింది. ఒకటిన్నర చుట్టు తిరిగాక గానీ బిగువు తగల్లేదు. అమ్మాసి తల బయటికి తీసి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "దీన్ని ఎవురూ బిగీలేదు నైనా. వేలితో తిప్పి వదిలేసినారు. ఇన్నాళ్ళు ఊరికే అట్టా తగులుకొని ఉండాదంతే."

అమ్మాసి స్పానరుకు పొడుగు పైపు తొడిగి, కాలు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి బిగించాడు. పంకజం సీటు వైపు చూసి, తన మెడ మీద చేయి వేసుకుంది. "ఇందులోనే గదా మొన్న తిరుత్తణికి పోయి వచ్చినాం" అంది. "జెబ నా ఒళ్ళోనే గదే ఉండేది, మెరీనాకు పోయినప్పుడు."

ఆ మాటకు సెలీనా షెడ్డు గోడను పట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు మునిరత్నం కారును నడక వేగంతో తోలాడు. ఇంటి ముందు ఆపి, పంకజం దిగి లోపలికి పోయేదాకా ఆగి, స్టీరింగు మీద చేతులు పెట్టుకొని అడిగాడు. "ఇట్టాంటివి ఎన్ని ఉండాయి మే?"

"తెలీదు మామా."

"నీకు తెలుసు. నా కండ్లలోకి చూసి చెప్పు."

ఆమె చూడలేదు. డ్యాష్‌బోర్డు మీది చిన్న వినాయకుడి బొమ్మనే చూస్తూ కూర్చుంది.

"నా మాదిరోళ్ళే గదా ఈ కారు కొనేది. మొదటిసారి కొనేవోళ్ళు. వాళ్ళకు అమ్మాసీ ఉండడు, పక్కింట్లో నువ్వూ ఉండవు. బెల్టు పెట్టుకున్నాం గదా అని ధైర్యంగా పోతా ఉంటారు." ఆయన తలుపు తీసి దిగుతూ, "నువ్వు ఆడ చెప్పాల" అన్నాడు. అరవలేదు. అరిచినట్టే తగిలింది.

*

సోమవారం మణిమారన్ తెల్ల కాగితం, పెన్ను సిద్ధంగా పెట్టుకొని ఉన్నాడు. "నేను చెప్తాను, నువ్వు రాయి" అన్నాడు.

"నాకు తమిళం రాయను రాదు సార్. బస్సు బోర్డులు చదువుతాను, అంతే."

"ఏం చదువుకున్నావు?"

"కార్పొరేషన్ ఇస్కూలు, తెలుగు మీడియం. తొమ్మిది దాకా. తర్వాత నాయనకు చేతకాలేదని మాన్పించినారు."

ఆయన విసుగ్గా గడియారం చూశాడు. "ఏ భాషైతే ఏముంది, నీ చేతి రాత కావాలి, కింద సంతకం కావాలి. తెలుగులోనే రాయి. 'నేను, ఫలానా, ఆగస్టు పంతొమ్మిది ఉదయం షిఫ్టులో పని చేశాను' అని మొదలుపెట్టు."

ఆమె అట్లాగే రాసింది. పెన్ను పట్టి ఎన్నాళ్ళయిందో, ఒక్కో అక్షరం ఒక్కో పక్కకు పోయింది. చెప్పింది చెప్పినట్టు రాసిచ్చి పోవాలనే ఆమె వచ్చింది. రాత్రంతా జెబ వీపు నిమురుతూ అదే తీర్మానించుకుంది.

"ఆ రోజు నా బిడ్డకు ఒంట్లో బాగాలేదు" అన్నాడు మణిమారన్.

ఆమె చేయి ఆగింది. 'నా బిడ్డకు' అని రాసింది. ఆ తర్వాతి మాట రాయడానికి వేళ్ళు ఒప్పుకోలేదు. క్యాలెండరులో ఆ రోజు ఖాళీ. దేవుడు దయతలచి చల్లగా ఉంచిన రోజు. ఆ రోజును కాగితం మీద జబ్బు రోజుగా రాసి సంతకం పెడితే, అది ఊరికే పోతుందా? ఎక్కడో ఎవరో చూసి, సరే అట్లాగే కానీయ్ అంటే? కిటికీ బయట వాన మొదలయింది. వాన పడితే బిడ్డకు ఛాతీ పట్టేస్తుంది.

"రాశావా?"

"రాస్తా ఉన్నాను సార్."

'నా బిడ్డకు ఆ రోజు ఏమీ కాలేదు. బాగా ఉంది' అని రాసింది ఆమె. రాశాక, ఆ మాట తర్వాత రావలసిన మాట ఏదో దానంతటదే వచ్చింది. మణిమారన్ చెబుతూనే ఉన్నాడు, మనసు మనసులో లేక, ధ్యాస తప్పి, ఒకే ఒక్క బోల్టు, ఇందుకు నేనే బాధ్యురాలిని. ఆయన ఒక వాక్యం చెబితే ఆమె ఒక వాక్యం రాసింది. 'బోల్టులకు మేము టీ తాగేటప్పుడే ముందుగా రంగు పెడుతున్నాము. జూన్ నుంచి ఇట్లా చేస్తున్నాము. అన్ని లైన్లలో చేస్తున్నాము. ఈ పద్ధతి నేను కనిపెట్టినాను. అందరికీ తెలుసు. రంగు ఉంటే బిగించినట్టు కాదు. మా పక్కింటి వాళ్ళ కారు చూసినాము, దాంట్లోనూ బిగించలేదు. అన్ని కార్లూ చూడవలెను.' చివర తన పేరు రాసి, తండ్రి పేరు రాసి, సంతకం పెట్టింది.

మణిమారన్ కాగితం అందుకొని, తలకిందులుగా ఉందేమోనన్నట్టు ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. "అన్నీ జిలేబీలే" అని నవ్వి మళ్ళీ ఆమెకిచ్చాడు. "ఏదీ, తమిళంలో చదివి వినిపించు."

సెలీనా కాగితాన్ని కళ్ళ ముందు పెట్టుకొంది. వేలు ఒక్కొక్క వరస మీద నడిపిస్తూ, ఆయన చెప్పిన మాటలే ఆయనకు అప్పజెప్పింది. బిడ్డకు ఒంట్లో బాగాలేదు అనాల్సిన చోట వేలు ఆగింది. కొంగు కింద ఎడమ చేత్తో శిలువ గుర్తు వేసుకొని, అనేసింది.

ఆమె ఏడుపు ఆపుకుంటోందని ఆయనకు అనిపించినట్టుంది. "సరే సరే, పోనీలే" అన్నాడు మెత్తగా. "ఇది ఒక కాపీ మన ఫైల్లో, ఒక కాపీ కారు కంపెనీకి పోతుంది. నువ్వు ప్యాకింగుకు పో."

గది బయటికి వచ్చాక గానీ ఆమెకు తను చేసిందేమిటో తెలిసిరాలేదు. కారు కంపెనీ పెద్దది. అందులో తెలుగు చదివేవాడు ఒక్కడైనా ఉండకపోడు. చదివితే ఆ కార్లన్నీ వెనక్కి వస్తాయి, తిండివనం ఆమె లాంటిది ఇంకొకతి దెబ్బతినదు. చదివితే తన పని పోతుంది, కార్డు పోతుంది, కలైసెల్వి ఇద్దరు బిడ్డలతో వచ్చి తన గుమ్మంలో కూర్చుంటుంది. చదవాలని కోరుకోవాలో, చదవకూడదని కోరుకోవాలో తెలియక, సీట్లకు ప్లాస్టిక్ సంచులు తొడుగుతూ నిలబడింది.

రోజులు పోయాయి. ఎవరూ పిలవలేదు. లైను మీద ఆమె చోట ఒక కొత్త పిల్ల చేరింది. టీ విరామంలో ఆ పిల్ల కూడా థర్మోకోల్ పలక ముందేసుకొని కూర్చోవడం సెలీనా ప్యాకింగ్ బల్ల దగ్గరి నుంచి చూసింది. ఇంట్లో మునిరత్నం ఒక్కసారే అడిగాడు. "చెప్పినావా?" "రాసిచ్చినాను మామా" అంది. అది అబద్ధం కాదు. ఆయన ఆమె తల మీద చేయి పెట్టి, "మంచి పని చేసినావు" అన్నాడు.

తిండివనం ఆవిడ సంగతి కలైసెల్వి చెప్పింది, నవంబరు చివర, బాత్‌రూము దగ్గర, చేతులు కడుక్కుంటూ. "పోయిందట" అంది. కుళాయి కట్టకుండానే వెళ్ళిపోయింది.

డిసెంబరు మొదటి వారంలో కారు కంపెనీ నుంచి ఒక కుర్ర ఇంజనీరు సీట్ల నాణ్యత చూడడానికని వచ్చి దిగాడు. నెల రోజులు ఇక్కడే ఉంటాడట. పేరు నరేన్. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. కొత్త చొక్కా, మెడలో రిబ్బనుకు వేలాడే కార్డు, చేతిలో ఎప్పుడూ ఒక ఫైలు. మధ్యాహ్నం క్యాంటీనులో అతను వాళ్ళ అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే సెలీనా విన్నది. "తిన్నానమ్మా. సాంబారే. ఆ, పెరుగు కూడా వేశారు" అంటున్నాడు. ఇన్నాళ్ళకు కంపెనీలో తెలుగు మాట విని ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది.

మూడో రోజు ఆమె మూల బల్ల దగ్గర కూర్చొని ఇంటికి ఫోను చేసింది. జెబను పంకజం చూసుకుంటుంది పగలు. "మందు వేసుకున్నావా? పీల్చే మందు, నీలం డబ్బాది? అత్తను ఇబ్బంది పెట్టొద్దు. తడిలో ఆడొద్దు నాయనా, ఛాతీ పట్టేస్తాది."

తలెత్తితే నరేన్ కంచం పట్టుకొని ఎదురుగా నిలబడి ఉన్నాడు. ముఖమంతా నవ్వు. ఊరు కాని ఊళ్ళో సొంత మనిషి దొరికినట్టు.

"మీరు తెలుగువాళ్ళా అండీ! అబ్బ, వచ్చి మూడు రోజులైంది, ఒక్కరు కూడా దొరకలేదు. కూర్చోవచ్చా?" కంచం బల్ల మీద పెట్టాడు, ఫైలు పక్కన పెట్టాడు. "మీదే ఊరండీ? ఏ సెక్షన్‌లో చేస్తారు?"

చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క మాట చాలు. మా మేనేజరు పంపిన కాగితం ఒకటి ఉంటుంది బాబూ, తెలుగులో, దాన్ని చదువు. అంతే. ఆమె నోటి దాకా వచ్చింది. అతని వెనక, మూడు బల్లల అవతల, కలైసెల్వి తినడం ఆపి చూస్తోంది. చెవి దగ్గర ఫోనులో జెబ ఇంకా మాట్లాడుతూనే ఉంది. మాటకూ మాటకూ మధ్య సన్నగా ఈల వేసినట్టు ఊపిరి. సెలీనా ఆ ఈలనే విన్నది.

"తెలుంగు తెరియాదు సార్" అంది తమిళంలో. తెలుగు రాదని.

నరేన్ నవ్వు అక్కడే ఉండిపోయింది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు. "అదేంటండీ, ఇప్పుడే కదా మీరు ఫోన్లో..." అని, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "సారీ అండీ" అని కంచం, ఫైలు తీసుకొని వేరే బల్లకు వెళ్ళిపోయాడు.

"మా? మా, ఉండావా?" అంటోంది జెబ.

సెలీనా ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది. అతను ఇంకా వినేంత దూరంలోనే కూర్చున్నాడు. పుట్టినప్పటి నుంచి బిడ్డతో తెలుగులో తప్ప మాట్లాడని సెలీనా, మొదటిసారి తమిళంలో, పరాయి ఆడదాని గొంతుతో, మందు వేసుకొని పడుకోమని చెప్పింది.

"ఎవురు?" అని అడిగింది జెబ.